పొగాకు బాటలో పొరుగింటి పోరు

ఉత్తర కరోలినాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే పక్కపక్క ఊళ్ల పంతం. ఆ పంతానికి ఇప్పుడు విలువ కట్టేది మాత్రం కంప్యూటరే

జనవరి చివరి వారంలో డర్హమ్ పట్టణంలో రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. అయినా డ్యూక్ యూనివర్సిటీలో కామెరాన్ ఇండోర్ స్టేడియం పక్కనున్న పచ్చిక మీద వరసగా డేరాలు వెలుస్తాయి. తడిసిన బూట్లు, ప్లాస్టిక్ పట్టాలు, గుడ్డ గోడల వెనక ల్యాప్‌టాప్‌ల నీలి వెలుగు. అర్ధరాత్రి ఏదో ఒక వేళ పిలుపు వస్తుంది. కుర్రకారు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి హాజరు పలుకుతుంది. పలికే గొంతులు పదేపదే లెక్కకు తగ్గితే ఆ డేరా వరసలో తన చోటు పోగొట్టుకుంటుంది. ఏడాదికి 80 వేల డాలర్లకు పైగా ఖర్చయ్యే చదువు చదువుతున్నవాళ్లు వారాల తరబడి ఇలా పడుకునేది ఒకే ఒక్క మ్యాచ్ కోసం. ఆ రోజు పదహారు కిలోమీటర్ల దూరంలోని చాపెల్ హిల్ నుంచి యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా జట్టు ఇక్కడికి ఆడటానికి వస్తుంది.

1986లో మొదలైన ఈ డేరాల ఊరికి డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ పేరే స్థిరపడింది. 1980 నుంచి 2022 దాకా ఆయన ఇక్కడ కోచ్‌గా ఉండి అయిదుసార్లు జాతీయ టైటిల్ తెచ్చారు. 1940 జనవరిలో తెరిచిన కామెరాన్ స్టేడియం బయటినుంచి చూస్తే పాతకాలపు లైబ్రరీలా ఉంటుంది. లోపల పట్టేది 9,314 మంది. ఒంటికి నీలిరంగు పూసుకున్న విద్యార్థులు కోర్టు గీతకు చేతికందేంత దగ్గరలో నిలబడి మ్యాచ్ ముగిసేదాకా గెంతుతూనే ఉంటారు.

చాపెల్ హిల్ వెళ్లే హైవే ఎక్కితే అరగంటలోపే రంగు మారుతుంది. డ్యూక్‌ది ముదురు నీలం, ఇక్కడిది ఆకాశ నీలం. 1795లో తలుపులు తెరిచిన ఈ ప్రభుత్వ యూనివర్సిటీకి 1986లో కట్టిన డీన్ స్మిత్ సెంటర్‌లో 21 వేలకు పైగా సీట్లున్నాయి. మైకేల్ జోర్డాన్ చదివిన కాలేజీ ఇదే. 1982 ఫైనల్లో జార్జ్‌టౌన్ మీద గెలిపించిన షాట్ కొట్టేనాటికి అతను మొదటి సంవత్సరం విద్యార్థి. డ్యూక్ మీద గెలిచిన రాత్రి ఫ్రాంక్లిన్ స్ట్రీట్ కూడలిలోకి వేల మంది ఉరికి మంటలు వేస్తారు. తూర్పున రాజధాని రాలీలో ఎర్ర రంగుది నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ. పడమరన విన్‌స్టన్-సేలమ్‌లో నలుపు, బంగారు రంగులది వేక్ ఫారెస్ట్. ఈ నాలుగింటినీ కారులో చుట్టి రావడానికి ఒక్క రోజు చాలు.

ఈ దారికి 'టొబాకో రోడ్' అనే పేరు ఊరికే రాలేదు. ప్రకాశం జిల్లా రైతులు బ్యారన్లలో ఉడికించే వర్జీనియా పొగాకు రకానికి పుట్టిల్లు ఈ ప్రాంతమే. సిగరెట్ల డబ్బుతో ఎదిగిన డ్యూక్ కుటుంబం 1924లో ఇచ్చిన నిధితో ట్రినిటీ అనే చిన్న కాలేజీ డ్యూక్ యూనివర్సిటీ అయింది. మరో పొగాకు వంశం రేనాల్డ్స్ డబ్బుతో వేక్ ఫారెస్ట్ 1956లో తన పుట్టిన ఊరు వదిలి విన్‌స్టన్-సేలమ్ చేరింది. డర్హమ్‌లోని అమెరికన్ టొబాకో ఫ్యాక్టరీ 1987లో మూతపడింది. లక్కీ స్ట్రైక్ అని రాసి ఉన్న పొగగొట్టం కింద ఇప్పుడు ఆఫీసులు, రెస్టారెంట్లు నడుస్తున్నాయి. పొగాకు పోయింది, పంతం మిగిలింది.

ఒక్కరికే టికెట్

అమెరికా కాలేజీ క్రీడల్లో కాన్ఫరెన్స్ అంటే ఒక జట్టుకు ఊరు, కులం, బీమా పాలసీ కలిసినట్టు. దేశంలో పై స్థాయి బాస్కెట్‌బాల్ ఆడే కాలేజీలు 360కి పైగా ఉన్నాయి. 2024-25లో అవి 31 కాన్ఫరెన్స్‌లుగా ఉన్నాయి. నవంబర్, డిసెంబర్‌లలో బయటివాళ్లతో ఆడతాయి. జనవరి వచ్చాక దాదాపు అన్ని మ్యాచ్‌లూ సొంత కాన్ఫరెన్స్ లోపలే. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్‌కు ఒక్కో కాన్ఫరెన్స్ విజేత నేరుగా వెళ్తుంది. మిగిలిన చోట్లకు ఎవరిని పిలవాలో ఒక కమిటీ తేలుస్తుంది.

1953 మే నెలలో గ్రీన్స్‌బరో దగ్గరి ఒక హోటల్లో ఏడు యూనివర్సిటీలు పాత కూటమి నుంచి విడిపోయి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) పెట్టుకున్నాయి. టొబాకో రోడ్ నాలుగు కాలేజీలూ అందులో ఉన్నాయి. ఆ ఏడాది చివర్లో వర్జీనియా చేరడంతో లెక్క ఎనిమిదయింది. నాలుగేళ్లకే, 1957లో, నార్త్ కరోలినా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 32 గెలిచి జాతీయ విజేత అయింది. విల్ట్ చాంబర్లెయిన్ ఆడిన కాన్సాస్‌ను ఫైనల్లో మూడు అదనపు పీరియడ్ల తర్వాత 54-53తో ఓడించింది. ఉత్తర కరోలినా బాస్కెట్‌బాల్ రాష్ట్రమైంది అప్పుడే.

కాన్ఫరెన్స్ బలంగా ఉండటం కూడా శాపమే అని తెలిసొచ్చింది 1974లో. అప్పట్లో ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టునే జాతీయ టోర్నమెంట్‌కు పంపేవారు. ఆ మార్చిలో గ్రీన్స్‌బరోలో జరిగిన ఏసీసీ ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్, మేరీలాండ్ తలపడ్డాయి. రెండూ దేశంలోని అగ్రశ్రేణి జట్లే. అదనపు సమయంలో 103-100తో ఓడిన మేరీలాండ్‌కు టోర్నమెంట్‌లో చోటు దక్కలేదు. గెలిచిన స్టేట్ జట్టు ముందుకెళ్లి, వరసగా ఏడు టైటిళ్లు గెలిచిన యూసీఎల్‌ఏను సెమీఫైనల్లో పడగొట్టి జాతీయ విజేత అయింది. దేశంలో తొలి వరస జట్టు పక్కింటివాడు బలవంతుడైనందుకు ఇంట్లో కూర్చోవలసి రావడం ఎవరికీ మింగుడుపడలేదు. మరుసటి ఏడాది టోర్నమెంట్‌ను 32 జట్లకు పెంచి, ఒకే కాన్ఫరెన్స్ నుంచి ఒకటికి మించిన జట్లు వచ్చేందుకు దారి తెరిచారు.

ఆ మార్పుతో లెక్క తలకిందులైంది. అంతవరకు పొరుగువాడి బలం అడ్డుగోడ. ఇకనుంచి అదే నిచ్చెన. బలమైన కాన్ఫరెన్స్‌లో అయిదో స్థానం వచ్చినా పిలుపు ఖాయం. బలహీనమైన చోట రెండో స్థానమొచ్చినా దిక్కులేదు.

డిసెంబర్‌లో పడే తాళం

ఈ బలాన్ని కొలవడానికి 2018-19 సీజన్ నుంచి 'నెట్' అనే ర్యాంకింగ్ వాడుతున్నారు. క్రికెట్ అభిమానులకు తెలిసిన నెట్ రన్ రేట్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ. ఎవరిని ఓడించారు, ఎక్కడ ఓడించారు, ప్రత్యర్థి స్థాయిని బట్టి చూస్తే బంతి చేతికొచ్చిన ప్రతిసారీ ఎన్ని పాయింట్లు రాబట్టారు, ఎన్ని ఇచ్చారు అన్నది దీని సారం. గెలుపులన్నీ ఒక్కటి కావు. వాటిని నాలుగు తరగతులుగా విడదీస్తారు. సొంత కోర్టులోనైతే మొదటి 30 ర్యాంకుల్లోని జట్టును, తటస్థ వేదికపైనైతే మొదటి 50లోని జట్టును, అవతలివాడి ఊళ్లోనైతే మొదటి 75లోని జట్టును ఓడిస్తేనే అది మొదటి తరగతి గెలుపు.

మెలిక ఉన్నది జనవరిలో. కాన్ఫరెన్స్ లోపలి మ్యాచ్‌లు మొదలయ్యాక ప్రతి ఆటలో ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. ఒక ఇంటి లాభం పక్కింటి నష్టం. ఊరి మొత్తం ఆస్తి పెరగదు. బయటివాళ్ల మీద గెలిచి డిసెంబర్‌లోపు తెచ్చుకున్న పేరునే మార్చిదాకా పంచుకు తినాలి. సీజన్ నడిమధ్యలో, విద్యార్థులు డేరాలు వేసే వేళకు, కాన్ఫరెన్స్ జాతకం చాలావరకు రాసి ఉంటుంది.

2024-25 సీజన్ దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. దక్షిణాదిలో ఫుట్‌బాల్‌కు పేరుమోసిన సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌తో (ఎస్ఈసీ) డిసెంబర్ మొదట్లో జరిగిన 16 మ్యాచ్‌ల ముఖాముఖిలో ఏసీసీ 14 ఓడింది. ఆబర్న్ మీద డ్యూక్, కెంటకీ మీద క్లెమ్సన్ సాధించిన గెలుపులే మిగిలాయి. ఆ తర్వాత ఏసీసీ జట్లు తమలో తాము ఎంత హోరాహోరీగా కొట్టుకున్నా ఆ 14 ఓటముల నీడ వదల్లేదు. మార్చిలో 68 జట్ల జాబితా వెలువడినప్పుడు ఎస్ఈసీలోని 16 జట్లలో 14కు చోటు దక్కింది. అది రికార్డు. ఏసీసీలోని 18 జట్లలో పిలుపొచ్చింది నాలుగింటికి. 2018లో 15 జట్లకు గాను తొమ్మిదింటిని పంపిన కాన్ఫరెన్స్ ఇది.

ఆ నాలుగులో ఆఖరుది నార్త్ కరోలినా. కాన్ఫరెన్స్‌లో 13 గెలిచి ఏడు ఓడిన జట్టు. ఇంకో కాలంలో ఆ లెక్కను ఎవరూ ప్రశ్నించేవారు కాదు. కానీ మొదటి తరగతి మ్యాచ్‌లు 13 ఆడితే అది గెలిచింది ఒక్కటే, డిసెంబర్‌లో న్యూయార్క్‌లో యూసీఎల్‌ఏ మీద. డ్యూక్ చేతిలోనే మూడుసార్లు ఓడింది. పైగా ఎంపిక కమిటీ అధ్యక్షుడు ఆ యూనివర్సిటీ క్రీడల డైరెక్టరే. నిబంధన ప్రకారం ఆయన తన జట్టు మీద చర్చకు దూరంగా ఉన్నా దుమారం ఆగలేదు. చోటు దక్కని వెస్ట్ వర్జీనియా తరఫున ఆ రాష్ట్ర గవర్నరే విలేకరుల సమావేశం పెట్టి విచారణ కోరారు. నార్త్ కరోలినా తొలి మ్యాచ్‌లో శాన్ డియెగో స్టేట్‌ను 95-68తో చిత్తుచేసి, రెండో మ్యాచ్‌లో మిసిసిపీ చేతిలో ఓడి ఇంటికొచ్చింది. ఆ ఎంపిక సబబేనని ఒక మ్యాచ్, కాదని ఇంకో మ్యాచ్ సాక్ష్యమిచ్చాయి.

అదే ఏడాది డ్యూక్ కాన్ఫరెన్స్‌లో 20 ఆడి 19 గెలిచింది. బలహీనులను కొట్టి తెచ్చుకున్న పేరా అని సీజన్ మధ్యలోనే సందేహాలు లేచాయి. ఆ జట్టు చివరి నాలుగులోకి వెళ్లి, హ్యూస్టన్ మీద ఆఖరి నిమిషంలో ఆరు పాయింట్ల ఆధిక్యాన్ని చేజార్చుకుని 70-67తో ఓడింది. చుట్టూ పోటీ తక్కువై కష్టకాలంలో తడబడిందని కొందరు, ఏ జట్టుకైనా జరిగేదే అని ఇంకొందరు. కంప్యూటర్ దీనికి జవాబు చెప్పదు.

తలుపులు మూసి ఆడిన మ్యాచ్

కాన్ఫరెన్స్ అంటే ఎవరిని లోపలికి రానిస్తామన్నదే కాదు, ఎవరిని రానివ్వమన్నది కూడా. అది తెలియాలంటే డ్యూక్ నుంచి కొద్ది కిలోమీటర్లు డర్హమ్‌లోనే ప్రయాణించాలి. నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ నల్లజాతివారి కోసం పుట్టిన కాలేజీ. 1940లలో ఇక్కడి కోచ్ జాన్ మెక్‌లెండన్. ఆయన ఈ ఆట నేర్చింది దాన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ దగ్గరే. కాన్సాస్ యూనివర్సిటీలో నైస్మిత్ పాఠాలు విన్నారు గానీ నల్లవాడైనందున ఆ కాలేజీ జట్టులో ఆడనివ్వలేదు.

1944 మార్చి 12, ఆదివారం. ఊరంతా చర్చిలో ఉన్న వేళ డ్యూక్ వైద్య విద్యార్థుల జట్టు కార్లలో రహస్యంగా ఈ కాలేజీకి వచ్చింది. నల్లవారు, తెల్లవారు కలిసి ఆడటం ఆనాటి చట్టానికి, ఆచారానికి విరుద్ధం. జిమ్ తలుపులకు తాళం వేసి ఆడారు. మెరుపు దాడులకు పేరుపడ్డ మెక్‌లెండన్ జట్టు 88-44తో గెలిచింది. ఆ తర్వాత ఆటగాళ్లను కలిపేసి, మిశ్రమ జట్లతో ఇంకో ఆట ఆడారు. స్కాట్ ఎల్స్‌వర్త్ అనే చరిత్రకారుడు 1996లో రాసేదాకా ఈ సంగతి లోకానికి తెలియలేదు. ఆ ఊళ్లో ఎవరి బలమెంతో తేల్చిన ఆ మ్యాచ్ ఏ రికార్డు పుస్తకంలోకీ ఎక్కలేదు. నార్త్ కరోలినా యూనివర్సిటీ తొలిసారి నల్లజాతి క్రీడాకారుడికి స్కాలర్‌షిప్ ఇచ్చి చార్లీ స్కాట్‌ను తెచ్చుకునేసరికి 1960ల రెండో సగం వచ్చింది.

నేడు సెంట్రల్ జట్టు ఆడేది చారిత్రక నల్లజాతి కాలేజీల కూటమి మిడ్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో. దానికి దక్కేది ఇప్పటికీ విజేతకిచ్చే ఒక్క టికెట్టే. 1974లో మేరీలాండ్‌కు ఒకసారి జరిగింది ఇక్కడ ఏటా ఎవరో ఒకరికి జరుగుతుంది. ఇలాంటి జట్లు సీజన్ మొదట్లో డబ్బు తీసుకుని పెద్ద కాలేజీల కోర్టుల్లో ఆడి వస్తాయి. ఓటములు పోగవుతాయి, ర్యాంకు దిగజారుతుంది, ఖజానాలోకి కాస్త చెక్కు వస్తుంది. జనవరి నుంచి ఎంత బాగా ఆడినా ఆ ఆటంతా మార్చిలో మూడు నాలుగు రోజుల కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌కు రిహార్సలే. సెంట్రల్ 2017 నుంచి 2019 దాకా వరసగా మూడేళ్లు ఆ టోర్నమెంట్ గెలిచింది. మూడుసార్లూ జాతీయ టోర్నమెంట్ ప్రాథమిక రౌండ్‌లోనే ఓడింది.

సముద్రం నుంచి సముద్రానికి

ఏసీసీ కష్టాలకు కోర్టులో ఆట ఒక్కటే కారణం కాదు. కాలేజీ క్రీడల్లో డబ్బు పండించేది ఫుట్‌బాల్. టీవీ ఒప్పందాలు దాని చుట్టూనే తిరుగుతాయి. ఆ వేటలో ఏసీసీ దక్షిణాన మయామీ దాకా, ఉత్తరాన బోస్టన్ దాకా పాకింది. వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటైన మేరీలాండ్ 2014లో మరో సంపన్న కాన్ఫరెన్స్‌కు వలసపోయింది. 2024లో డల్లాస్ నుంచి ఒకటి, కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ రెండూ వచ్చి చేరాయి. అట్లాంటిక్ తీరం పేరున్న కాన్ఫరెన్స్ పసిఫిక్ తీరాన్ని తాకింది. చాపెల్ హిల్ కుర్రాడు సగం వారంలో దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరి, మూడు గంటల తేడా ఉన్న ఊళ్లో ఆడి, తిరిగొచ్చి క్లాసులో కూర్చోవాలి. 2023లో కాన్ఫరెన్స్ ఆఫీసు కూడా పుట్టిన చోటు గ్రీన్స్‌బరోను వదిలి, బ్యాంకుల నగరం షార్లట్‌కు తరలింది.

ఎనిమిది జట్లున్న రోజుల్లో ప్రతివాడూ ప్రతివాడి ఇంటికీ వెళ్లేవాడు. లెక్క సూటిగా తేలేది. 18 జట్లయ్యాక చాలామందితో ఏడాదికి ఒక్కసారే. ఎవరికి బలహీనులు ఎక్కువ తగిలారు, ఎవరికి బలవంతులు తగిలారన్నది షెడ్యూలు చలవ. పైగా కాన్ఫరెన్స్ లోపలి మ్యాచ్‌లను 2025-26 నుంచి 20 నుంచి 18కి తగ్గించారు. బయటి బలవంతులతో ఆడి పేరు తెచ్చుకోవడానికి మరో రెండు అవకాశాలన్న మాట. తూకం రాయి కోసం పొరుగువాడితో ఆడే ఆటనే కుదించుకున్నారు.

ఈ మార్పులను దగ్గరగా చూస్తున్నవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ మధ్య 1959లో పుట్టిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు సాఫ్ట్‌వేర్, ఔషధ కంపెనీలను రప్పిస్తే, వాటి వెంట కేరీ, మోరిస్‌విల్ శివార్లకు తెలుగు కుటుంబాలు చేరాయి. కేరీ వెంకటేశ్వరస్వామి ఆలయానికి 87 అడుగుల రాజగోపురం 2022లో వెలిసింది. మోరిస్‌విల్ పార్కులో అమెరికా మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. ఇంట్లో పెద్దవాళ్లు క్రికెట్ స్కోరు చూస్తుంటే, ఇక్కడే పుట్టిన పిల్లలు బడిలో అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి: ముదురు నీలమా, ఆకాశ నీలమా, ఎరుపా?

ఎరుపు అన్నవాళ్లకు 2024 మార్చి చాలాకాలం గుర్తుంటుంది. ఆ ఏడాది నార్త్ కరోలినా స్టేట్ రెగ్యులర్ సీజన్‌ను వరసగా నాలుగు ఓటములతో, 17 గెలుపులు, 14 పరాజయాలతో ముగించింది. జాతీయ టోర్నమెంట్ లెక్కల్లో దాని పేరే లేదు. తర్వాత ఏసీసీ టోర్నమెంట్‌లో అయిదు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు గెలిచింది. దారిలో డ్యూక్‌నూ, ఫైనల్లో నార్త్ కరోలినానూ ఓడించి 1987 తర్వాత మొదటిసారి కాన్ఫరెన్స్ టైటిల్ కొట్టింది. అక్కడితో ఆగకుండా డ్యూక్‌ను మళ్లీ ఓడించి జాతీయ టోర్నమెంట్ చివరి నాలుగులోకి చేరింది. అది 1983 తర్వాత మొదటిసారి. ఆ సీజన్‌లోనూ కాన్ఫరెన్స్ బలహీనంగా ఉందన్నారు. చివరి ఎనిమిది జట్లలో మూడు ఏసీసీవే.

అయితే మరుసటి ఏడాది అదే జట్టు 12 గెలిచి 19 ఓడింది. 18 జట్లలో మొదటి 15 మాత్రమే కాన్ఫరెన్స్ టోర్నమెంట్ ఆడాలని ఏసీసీ కొత్త నిబంధన పెట్టింది. టైటిల్ నిలబెట్టుకోవలసిన విజేతకు 2025లో గుమ్మంలోకే ప్రవేశం లేకపోయింది. కోచ్ ఉద్యోగం పోయింది. ఆఖరి స్థానం వాడికి కూడా మార్చిలో ఇంకో అవకాశం ఉంటుందన్నది ఈ దారి పొడవునా పిల్లలకు చెప్పే మాట. ఆ మాటలో మూడు జట్ల మేర కోత పడింది.

కామెరాన్ పక్కన పచ్చిక మీద మాత్రం ఈ లెక్కలేవీ వినిపించవు. చాపెల్ హిల్ జట్టు ర్యాంకు పడిపోయిన ఏళ్లలోనూ డేరాలు లేచాయి. ఆ గెలుపు ఏ తరగతి కిందికొస్తుందో తెలుసుకోవాలంటే ఆ పిల్లలు ఫోన్ తీసి చూస్తే చాలు. తెల్లవారుజామున మళ్లీ హాజరు పిలుపు వస్తుంది. స్లీపింగ్ బ్యాగులు కదులుతాయి. మంచు పట్టిన గడ్డి మీద వరస కట్టి, ఒక్కొక్కరే పేరు చెబుతారు.